మిరపకాయల స్టేటస్

హిందూపురం,
జనవరి నెలాఖరు

నీలావతికి,

"నీలా" అని మొదలుపెట్టలేదని గమనించావా? కావాలనే పెట్టలేదు. కోపంగా ఉన్నాను కాబట్టి పూర్తి పేరు.

నా ఫోన్ పాడైందేమోనని నువ్వు కంగారుపడి ఉంటావని మా ఆయన మంజునాథ్ అంటాడు. నువ్వు పడలేదని నాకు తెలుసు. ఫోన్ బాగానే ఉంది. వాట్సాప్, ఇన్‌స్టా రెండూ నేనే తీసేశాను. మన పెనుకొండ కాలేజీ గ్రూపులోంచి కూడా బయటికొచ్చాను. "వనిత లెఫ్ట్" అని పడితే ఒక్కరైనా ఎందుకే అని అడుగుతారనుకున్నాను. ఆ వెంటనే ఎవరో గుడ్‌మార్నింగ్ రోజాపూలు పెట్టారట. అంతే నా విలువ.

మొన్న నువ్వూ మీ తోడికోడలు పావనీ ఉల్లిపొర రంగు చీరలు, ఇద్దరూ ఒకేలాంటివి కట్టుకుని, ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి వీడియో పెట్టారు. కింద "నా ప్రాణ స్నేహితురాలు" అని రాశారు. ప్రాణమట! ఆమె గోరంట్ల నుంచి మీ ఇంటికి కోడలుగా వచ్చి ఏడాది కూడా కాలేదు. నేను నీకు ఒకటో తరగతి నుంచి ఉన్నాను. పెనుకొండలో ఒకే వీధి, ఒకే సైకిలు, ఒకే పొట్లంలో ఉగ్గాని. బజ్జీ ఒకటే మిగిలితే గింజలున్న కారం సగం నేను తిని, మెత్తటి సగం నీకిచ్చేదాన్ని. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని మా అవ్వ ఊరికే అనలేదు.

ఏమైనా చెప్పాలనుకుంటే ఉత్తరం రాయి. ఉత్తరమే ఎందుకంటే, అది నీ చేత్తో నువ్వే రాయాలి. నీ అక్షరాలు కుడివైపుకు వాలి, పడబోతున్నట్టు ఉంటాయి, వాటిని నేను చీకట్లో కూడా గుర్తుపడతాను. ఫోన్‌లో అందరి అక్షరాలూ ఒకేలా ఉంటాయి. ఎవరు కొట్టారో ఆ పైవాడికే తెలియాలి. ఇంతకు మించి ఇప్పుడు చెప్పను.

శ్రుతికి పదకొండో నెలలో, ఉగాది అయ్యాక, కదిరి నరసింహస్వామి దగ్గర పుట్టెంట్రుకలు తీయిస్తున్నాం. అక్కడి నుంచి పెనుకొండకు వచ్చి మా అమ్మ ఇంట్లో భోజనాలు. నా బిడ్డను నువ్వు ఇంతవరకు ఒక్కసారి ఎత్తుకోలేదు. దీనికి కూడా రాకపోతే మన మధ్య ఇక మాటలుండవు. బెదిరింపు అనుకుంటే బెదిరింపే.

వనిత


ధర్మవరం,
ఫిబ్రవరి

వనీ,

పోస్ట్‌మాన్ ఆంజనప్ప నీ ఉత్తరం తెచ్చేసరికి మా వీధంతా గడపల్లోకి వచ్చింది. "ఏందప్పా, కోర్టు కాగితమా?" అని ఎదురింటాయన. మా అత్త అయితే "ఎవురన్నా పోయినారా?" అని అక్కడే కూలబడింది. కాదత్తా, నా స్నేహితురాలు కోపంతో రాసింది అంటే, "కోపం సేసుకోడానికి ఫోను సాలదా?" అంది.

"ప్రాణ స్నేహితురాలు" అని రాసింది నేను కాదు, పావని. ఆ పిల్ల నోరు అంతే. పూలమ్మే ఆమెను కూడా ప్రాణం అంటుంది. ఆ వీడియోలో నవ్వుతున్నానా? మెడ పట్టేసి ఉంది నాకు ఆ రోజు. ఎన్నిసార్లు తీశామో, చివరికి నవ్వు ముఖానికి అంటుకుపోయింది.

అలాగని ఫోన్‌ను ఉత్తగా తిట్టలేను. ఇదివరకు నేసిన చీర మా గడప దాటితే ఎవరు కట్టారో తెలిసేది కాదు. మొన్న చిలమత్తూరు నుంచి ఒకామె తన పెళ్ళి ఫోటో పంపింది. నేను నేసిన నెమలి అంచును వేలితో పెద్దది చేసి చేసి చూసుకున్నాను. మా ఆయన కేశవ కూడా మగ్గం దిగివచ్చి చూశాడు. ఆ సంతోషం ఆ ఫోన్‌లోంచే వచ్చింది.

మంజునాథన్న, రామక్కత్త, మీ అమ్మ బాగున్నారా? ఇక్కడ అంతా మామూలే. వీధిలోని ఎర్రకుక్క మా మగ్గాల గదిలో దూరి పిల్లలు పెట్టింది. వెళ్ళగొడదామంటే కేశవ ఒప్పుకోవడం లేదు.

కదిరికి రావడం సంగతి చూస్తాను. మగ్గం మీద పెళ్ళి చీర ఒకటి ఉంది.

ఒక్కటి అడుగుతాను. మేము ఉల్లిపొర చీరల వీడియో పెట్టేనాటికే నువ్వు ఇన్‌స్టా తీసేశావు కదా. నీకెవరు చూపించారు?

నీలా


హిందూపురం,
ఫిబ్రవరి చివర

నీలావతికి (ఇంకా పూర్తి పేరే),

మా అత్త బాగుందా అని అడిగావు. మా ఆయన, మా అమ్మ, అందరూ బాగున్నారా అన్నావు. వీధికుక్క ప్రసవం గురించి రాశావు. నా కూతురు గురించి ఒక్క అక్షరం రాయలేదు. పళ్ళు వచ్చాయా, పాకుతోందా, ఏమీ వద్దు నీకు. కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాను, ఏ మూలనైనా "శ్రుతి" అని ఉందేమోనని. కుక్కపిల్లల పాటి చేయలేదు నా బిడ్డ.

ఆ వీడియో పక్కింటి మాధవీలత చూపించింది. నేనేం అడగలేదు. ఎదురుగా పెడితే కళ్ళు మూసుకోవాలా? మొన్నటి పసుపు చీర వీడియో కూడా ఆమే చూపించింది. అందులో పావని నీ జడలో సంపెంగపూలు తురిమింది. సంపెంగ వాసనకు నీ తల పగిలిపోతుంది కదే! ఇంటర్ పరీక్షనాడు ముందు బెంచీ పిల్ల సంపెంగ పెట్టుకొచ్చిందని నువ్వు వాంతి చేసుకుంటే నీ పుస్తకాలు మోసింది ఎవరు? ప్రాణ స్నేహితురాలికి ఈ సంగతి తెలియదు. నాకు తెలుసు. నువ్వేమో నోరు మూసుకుని నవ్వుతూ కూర్చున్నావు, ఆమె మనసు నొచ్చుకుంటుందని. నా మనసు మాత్రం రుబ్బురోలు.

పెళ్ళి చీర సాకు చెప్పకు. చీర ఒకరోజు ఆగితే పెళ్ళి ఆగదు. వస్తావా, రావా?

వనిత


ధర్మవరం,
మార్చి

వనీ,

సంపెంగ పెట్టిన రోజు సాయంత్రమంతా తడిగుడ్డ నుదుటికి చుట్టుకుని పడుకున్నాను. నువ్వు చెప్పింది నిజమే.

నిన్న పావని ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "అక్కా, హిందూపురం మంజునాథ్ అంట, నా పాత వీడియోలన్నీ వరసబెట్టి సూసి, నేను పెండ్లికి ముందు పెట్టినదానికి గుండె కొట్టినాడు. ఎవురక్కా ఈయప్ప?" అంది. నాకు తెలియదన్నాను. మీ మాధవీలత ఫోన్ పేరు మంజునాథా?

ఇంకొకటి. శ్రుతి గురించి అడగలేదన్నావు. నేను అడగకపోవడమే పాపకు మంచిది. ఎందుకో నీకు తెలుసు. చీర సాకు అన్నావు, అవును, సాకే. కదిరికి నేను రాను. అక్షింతలు ఇక్కడి నుంచే వేస్తాను.

నీలావతి


పెనుకొండ,
ఉగాది ముందు

నీలా,

అమ్మ దగ్గరికి వచ్చాను. నీ ఉత్తరం మంజునాథ్ ఇక్కడికి తెచ్చిచ్చాడు, పైగా తెరిచి చదివి మరీ. ఇంట్లో మహాభారతమైంది.

ఆ గుండె నాది. ఒప్పుకుంటున్నాను, నవ్వుకో. మాధవీలతా లేదు, ఎవరూ లేరు. మంజునాథ్ స్నానానికి పోగానే ఆయన ఫోన్ తీసుకుని మీ వీడియోలు చూస్తాను. నా ఫోన్‌లో తీసేసింది నిజమే, కానీ నా కళ్ళల్లోంచి తీసేయడం ఎలాగో ఎవరూ చెప్పలేదు. పావని పుట్టుపూర్వోత్తరాలన్నీ చూశాను. ఆమె గోరంట్లలో మేకపిల్లను ఎత్తుకుని పాట పాడుతున్నది కూడా చూశాను. ఆ మేకపిల్ల దగ్గరే శ్రుతి వచ్చి తెర మీద చెయ్యి వేసింది. గుండె పడిపోయింది. తీసేద్దామని నొక్కితే తెలివిమాలినదాన్ని మళ్ళీ పెట్టాను.

మంజునాథ్ చేతికి ఫోన్ వచ్చేసరికి కింద పావని "థాంక్స్ అన్నా" అని పెట్టి ఉంది. "ఎవురే ఈమె? నేనెందుకు అన్నయితి?" అంటాడు. ఏం చెప్పను? నా స్నేహితురాలిని ఎత్తుకుపోయిన మనిషి అని చెప్పాను. "ఇద్దరు ఆడోళ్ళ మధ్య నా గుండెను ఇరికిస్తివి కదే" అని పొద్దంతా నవ్వాడు.

కానీ నీ ఉత్తరంలో చివరి మాటలు చదివాక నాకు నవ్వు రాలేదు. "అడగకపోవడమే పాపకు మంచిది, ఎందుకో నీకు తెలుసు" అంటే ఏమిటి? నాకు తెలియదు. మా అమ్మ మీద ఒట్టు, తెలియదు. నీలావతి అని సంతకం ఎందుకు పెట్టావు? అలగడం నాకు చేతనవుతుంది, నీకు చేతకాదు. నువ్వు అలిగావంటే ఏదో పెద్దదే అయి ఉంటుంది. నాకు భయమేస్తోంది, చెప్పు.

వనిత


ధర్మవరం,
ఉగాది అయ్యాక

వనితా,

తెలియదన్నావు కాబట్టి చెబుతున్నాను.

దసరాకు శ్రుతి ఫోటో పంపావు. చిలకపచ్చ పట్టులంగా, బుగ్గ మీద దిష్టిచుక్క, నోట్లో వేలు. నా నంబరు నుంచి నీకొక మెచ్చుకోలు వచ్చింది. ఆ రాత్రి పాపకు జ్వరం తగిలిందట. మర్నాడు నువ్వు స్టేటస్ పెట్టావు. పొయ్యిలో ఎండుమిరపకాయలు కాలుతున్న వీడియో, దాని మీద "మా పాప మీద కళ్ళు పెట్టినోళ్ళ కళ్ళు పగిలిపోవాల" అని.

మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని ఆ స్టేటస్ చూశాను. నా చేతిలోని ఫోన్‌లోకి మా అత్త కూడా తొంగిచూసింది. చూసి, లోపలికి వెళ్ళిపోయింది. అంతకు ముందే మా వీధిలో ఒక బిడ్డను తొట్లెలో వేస్తుంటే "నువ్వు ఇంట్లోనే ఉండమ్మా, రేపేమన్నా అయితే మాట పడాల్సొస్తాది" అన్న మనిషి ఆమె. అత్త అన్నా ఓర్చుకున్నాను, వీధి అన్నా ఓర్చుకున్నాను. నువ్వూ అన్నావు.

ఆషాఢంలో, ఐదో నెలలో నా కడుపు పోయింది. నువ్వు బాలింతవు, రాలేవని తెలుసు. వీడియో కాల్ చేశావు. ఆస్పత్రి మంచం మీద నుంచి నీ ముఖం చూసి ఏడ్చాను, నువ్వూ ఏడ్చావు. అంతలో పక్కన శ్రుతి ఏడ్చింది. "పాలకే, ఒక్క నిమిషం" అని ఫోన్ మంచం మీద పెట్టేశావు. నాకు మీ ఇంటి పైకప్పు, తిరుగుతున్న ఫ్యాను కనిపించాయి. పాప ఏడుపు ఆగి, పాలు తాగే చప్పుడు వినిపించింది. నేనే కాల్ కట్ చేశాను. ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని కూర్చున్నది పావని. నువ్వు చూసి ఏడుస్తున్నావే, ఆ పావని.

మిరపకాయల స్టేటస్ చూశాక నీ స్టేటస్‌లన్నీ మ్యూట్ చేశాను. నా కళ్ళు నీ బిడ్డ మీద పడకూడదని. ఇంక రమ్మని అడగొద్దు.

నీలావతి


హిందూపురం,
ఏప్రిల్

నీలా, నీలా, నీలా,

పొయ్యి మీద పాలు పొంగి, మాడి, గిన్నె నల్లబడింది. నేను నీ ఉత్తరం పట్టుకుని నిలబడే ఉన్నాను.

ఆ తిట్టు నీకు కాదే మొద్దూ! పావనికి!

గుమ్మడికాయల దొంగ అంటే నువ్వెందుకే భుజాలు తడుముకున్నావు? నీ నంబరు నుంచి వచ్చిన మెచ్చుకోలు ఏమిటో నీకు తెలుసా అసలు? "సో క్యూట్ అక్కా, మీ పాపను ఎత్తుకుపోతా" అని. వెనకాల బారెడు గుండెకాయలు. బుద్ధెరిగినప్పటి నుంచి నన్ను నువ్వు ఎప్పుడైనా "అక్కా" అన్నావా? "మీ" అన్నావా? వనీ, ఏమే, దొంగమొహమా, ఇవి తప్ప నీ నోట్లో నాకు వేరే పేరుందా? చూడగానే తెలిసిపోయింది, అది నువ్వు కాదని. ఫోన్ నీది, వేలు ఆమెది.

నా బిడ్డ మొదటి దసరా. నువ్వు నేసి పంపిన పట్టుతో లంగా కుట్టించి, నీకోసమని తీసిన ఫోటో అది. నువ్వు ఏమంటావోనని వంట మానేసి ఫోన్ ముందు కూర్చున్నాను. నువ్వు ఆ ఫోన్ తీసి ఆమె చేతికిచ్చావు. నాకు బదులు చెప్పే పని తోడికోడలికి అప్పజెప్పావు. ఆ మంట మీద పాపకు జ్వరం. మా అత్త మిరపకాయలు తిప్పేసింది. నేను వీడియో తీసి, పావనికి తగలాలని ఆ మాట రాసి పెట్టాను. ఆమెకు తగల్లేదు. ఆమె బహుశా దానికీ గుండె కొట్టి ఉంటుంది. అందుకే తర్వాత మొత్తం తీసేశాను, అందుకే నీ చేత్తో ఉత్తరం రాయమన్నాను.

ఇన్నాళ్ళూ మీ వీడియోలు చూసి ఏడ్చాను. అవి ఏపాటి! ఆస్పత్రిలో నీ చెయ్యి పట్టుకున్నది ఆమె అని చదివి ఇప్పుడు ఏడుస్తున్నాను. ఆ చోటు నాది నీలా. నేను లేను సరే, కానీ అది నాది.

ఒక్కటే చెప్పు. నా బిడ్డ ఫోటోకు ఒక్క మాట రాయడానికి నీ చేతులకేమైంది?

వనిత


ధర్మవరం,
ఏప్రిల్

వనీ,

ఈ ఉత్తరం రాసి చింపి, రాసి చింపి, ఇప్పుడు రాస్తున్నాను.

మగ్గం నేసే ఇళ్ళల్లో ఫోన్ ఎవరో ఒకరు చూసి చదివిపెడతారు. కాళ్ళు గుంటలో, చేతులు పోగు నడిపే నాడె మీద ఉంటే అంతకంటే ఏం చేస్తాం? ఆ రోజు పావనితో అదే అన్నాను. "చేతులు ఖాళీ లేవు, నువ్వే ఏదో ఒకటి పెట్టు" అని. నీకూ అదే రాసి ఊరుకుందామనుకున్నాను. నువ్వు నమ్ముతావు కూడా.

ఆ రోజు నా చేతులు ఖాళీగానే ఉన్నాయి. మగ్గం ఆపేశాను.

ఆ చిలకపచ్చ పట్టు గుర్తుందా? నీకు ఏడో నెలలో నేయడం మొదలుపెట్టాను. అప్పటికి నాకూ నెల తప్పింది. ఇద్దరు పిల్లలకూ ఒకేలాంటి లంగాలు కుట్టిద్దామని పొడుగ్గా నేసి, సగం కోసి నీకు పంపాను. మిగతా సగం నా పెట్టెలో ఉంది. ఆడపిల్లే పుడుతుందని నాకెవరు చెప్పారో!

ఫోటోలో నీ బిడ్డ ఒంటి మీద అది చూడగానే నాకు కడుపు మండిపోయింది. "ముద్దుగా ఉంది" అని కొట్టడానికి వేలు రాలేదు. దానికేం, దాని తల్లికేం అనుకున్నాను. ఇంకా ఏదో అనుకున్నాను, అది రాయను. ఆ రాత్రే శ్రుతికి జ్వరం.

నువ్వు పావనిని తిట్టావు. అది రావలసిన ఇంటికే వచ్చింది. భుజాలు తడుముకున్నానన్నావు. వాటి మీద బూడిద ఉంది కాబట్టే తడుముకున్నాను.

ఆ రోజు నేను చూసిన చూపు మంచిది కాదు వనీ. నీ బిడ్డ కదా, అందుకే రాను. దూరంగా ఉంటే నీకూ మంచిది, నాకూ మంచిది. కోపం లేదు.

నీలా


హిందూపురం,
నీ ఉత్తరం అందిన మర్నాడే

నీలా,

చదవగానే వెళ్ళి శ్రుతిని చూశాను. నా చెప్పు నోట్లో పెట్టుకుని కొరుకుతోంది. దాన్ని ఏ చూపు ఏం చేయగలదు?

ఏడ్చే కళ్ళకు నిజంగా అంత శక్తి ఉంటే పావని ఫోన్ ఈపాటికి పొడిపొడి అయిపోవాలి. నేను చూసిన చూపులకు ఆమె జుట్టు ఊడిపోవాలి. ఏమైంది? జడ ఇంకో జానెడు పెరిగింది. నీకంటే నేను గట్టిగా ఏడ్చాను, నాకంటే గొప్పదానివనుకోకు.

నీకు మండిందని నువ్వు రాస్తే నాకు కోపం రాలేదు. అది రాయకుండా "సో క్యూట్ అక్కా" అని పెట్టించావే, దానికి వచ్చింది. నాతో మండితే మండిందని చెప్పాలి, నేనేం పరాయిదాన్నా?

నువ్వు వస్తున్నావు. వచ్చి ఒక మూల కూర్చోవడం కాదు. గుండు చేయించాక శ్రుతికి దిష్టి తీసేది నువ్వే. ఆ కళ్ళతోనే వచ్చి, ఆ చేత్తోనే తియ్యి.

మా అత్తకు చెప్పాను. "ఏం మాట్లాడతాండావమ్మే? బిడ్డ నిలవనామె చేత దిష్టి తీపిస్తారా యాడన్నా?" అంది. "ఈడ తీపిస్తారు" అన్నాను. "నీలా రాకుంటే గుండే వద్దు, జడలు పెంచుతా" అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడనంటోంది. మాట్లాడకపోతే ఇంకా హాయి.

పావనిని కూడా తీసుకురా. ఇష్టమై చెప్పడం లేదు. ఆస్పత్రిలో ఆమె ఉంది, నేను లేను. ఆమెకు నా చేత్తో ఓళిగలు వడ్డించాలి. కానీ బస్సులో నీ పక్కన కిటికీ సీటు మాత్రం ఆమెకివ్వకు.

వనిత


ధర్మవరం,
మే మొదట్లో

వనీ,

ముందు చిన్న సంగతి. నిన్న మంజునాథన్న ఫోన్ నుంచి మళ్ళీ గుండె పడింది. ఈసారి నేనొక్కదాన్నే మగ్గం ముందున్న వీడియోకి. పాప చెయ్యి పడిందని రాయకు. పావని వచ్చి, నువ్వు వేసిన ఓళిగల లెక్క చెప్పి, "ఆయక్క నన్ను సంపాలని సూసిందా, సాకాలని సూసిందా?" అని అడుగుతోంది. నాకూ తెలియలేదు.

ఆ రోజు జరిగింది నువ్వు పక్కనే ఉండి చూశావు. అయినా రాస్తున్నాను. నువ్వు చూడనిది కొంత ఉంది.

కదిరిలో గుండు చేసేటప్పుడు నేను వెనకే నిలబడ్డాను. పెనుకొండ వచ్చాక, మీ అమ్మ వంటింటి ముందు, మీ అత్త ఎండుమిరపకాయలు, ఉప్పు ఉన్న పళ్ళెం నా చేతికివ్వకుండా నేల మీద పెట్టింది. నువ్వు వంగి తీసి నా చేతిలో పెట్టావు. నా వైపు చూడలేదు కూడా. అదేదో రోజూ చేసే పని అయినట్టు.

మొదలుపెట్టాను. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, అవ్వ దిష్టి, అమ్మ దిష్టి. చిన్నప్పటి నుంచి విన్న మాటలే, అందరూ గబగబా అనేసే మాటలే. ఆ తర్వాత వచ్చేది "నా దిష్టి". అక్కడ ఆగాను. ఎంతమంది ఎన్నిసార్లు అని ఉంటారు ఆ మాట, ఒక్కరైనా ఆలోచించి ఉంటారా? నేను ఆలోచించాను. శ్రుతి నా చేతిలోని పళ్ళెం వైపు చెయ్యి చాపుతోంది. "నా దిష్టి అంతా పోవాల" అని అన్నాను. గట్టిగా అన్నాను, వీధిలోకి వినపడేట్టు. మీ అత్త ఉలిక్కిపడింది.

పొయ్యిలో వేశాను. దిష్టి తగిలి ఉంటే ఘాటు రాదంటారు కదా. మిరపకాయలు నల్లబడ్డాయి, ఉప్పు చిటపటమంది. ఘాటు రాలేదు. మీ అత్త నన్నే చూస్తోంది. నువ్వు శ్రుతి ముక్కు తుడుస్తున్నావు. ఇంక అయిపోయింది, చెప్పులు కూడా వేసుకోకుండా బస్టాండుకు పరుగెత్తాలి అనుకున్నాను.

అప్పుడు మీ అమ్మ దగ్గింది. తర్వాత మంజునాథన్న తుమ్మాడు. తర్వాత ఇల్లంతా దగ్గు. పావని వీడియో తీస్తున్నదల్లా ఫోన్ జారవిడిచి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. మీ అత్త కళ్ళు నులుముకుంటూ "ఏం లేదమ్మా, బిడ్డకు ఏ దిష్టీ లేదు, ఎంత గాటుండాది సూడు" అంది. ఆ మాట నాతోనే అంది.

పావని ఆ వీడియో పెట్టనా అని అడిగింది. వద్దన్నాను. నాకు పంపి, తన ఫోన్‌లోంచి తీసేసింది. నీకు కూడా పంపను, నువ్వు వాట్సాప్ పెట్టుకున్నాక చూద్దాం. పెట్టుకో వనీ. శ్రుతి నడక మొదలుపెట్టినప్పుడు నాకు ఉత్తరం వచ్చేదాకా ఆగలేను. ఫోటోలు పంపు. ఒక్కోసారి బదులు రాకపోతే, ఆ రోజు నాకు మండిందని అనుకో. ఎవరి చేతా రాయించను.

అంతా పోయిందని రాస్తే అబద్ధమే అవుతుంది. నా పెట్టెలోని చిలకపచ్చ పట్టు ఆ రోజు తెద్దామని బయటికి తీశాను. మళ్ళీ లోపల పెట్టేశాను. అది నాది. అది అడగొద్దు.

ఆ ఘాటుకు అందరి కళ్ళల్లోనూ నీళ్ళే. నావి కూడా అవే అనుకున్నారు. మీ అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. పావని విసనకర్ర తెచ్చింది. నువ్వు మాత్రం అవేవీ తేలేదు. గంధం తడి ఆరని ఆ గుండును తెచ్చి నా భుజానికి ఆనించి, "పట్టుకోవే, ఆకులేయాల" అని, వెనక్కి తిరిగి కూడా చూడకుండా వడ్డనకు వెళ్ళిపోయావు.

నీలా